విరేచనాల్లో పసిబిడ్డకు ఏది: పొట్లమా, పెట్టెలోదా, బోండమా, బాటిలా?

రాత్రి తొమ్మిది దాటాక మా మందుల షాపు మెట్లెక్కే కొందరు తండ్రులను చూడగానే, ఇంట్లో చంటిపిల్లకు విరేచనాలని నాకు తెలిసిపోతుంది. ఒక చేతిలో బండి తాళం, ఇంకో చేతిలో ఫోను, ఫోనులో భార్య గొంతు. "ఏది తెమ్మంటావు, ఆరెంజా, యాపిలా?" అని అటు అడుగుతూ ఇటు ఫ్రిజ్ వైపు వేలు చూపిస్తారు. ఫ్రిజ్‌లో ఉన్నవి తియ్యటి పానీయాలు. ఆయనకు కావలసింది నా వెనక సొరుగులో ఉంటుంది. అది ఓఆర్‌ఎస్, అంటే విరేచనాల్లో పోయిన నీటినీ ఉప్పునూ తిరిగి అందించే పొడి పొట్లం. చల్లగా ఉండదు, చెప్పుకోదగ్గ రుచీ ఉండదు.

నేను ఫార్మసీ చదివి కౌంటరు వెనక 20 ఏళ్ళుగా నిలబడ్డవాణ్ణి, డాక్టరును కాను. కాబట్టి ఏది కొనాలి, ఏది వద్దు, ఎప్పుడు నా దగ్గరికి కాక నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి అన్నంత వరకే చెబుతాను.

ముందు ఒక చిక్కు విప్పాలి. కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చిన పిల్లలకు రెండు రకాల లోటు ఏర్పడుతుంది. మొదటిది విరేచనంతో, వాంతితో పోయే నీరు. నీటితోపాటు సోడియం, పొటాషియం, బైకార్బొనేట్ (రక్తం ఆమ్లం కాకుండా చూసేది) కూడా పోతాయి. రెండోది రక్తంలో చక్కెర. ఇది విరేచనంలో పోయేది కాదు, తిండి లేక తరిగిపోయేది. పెద్దవాళ్ళ కాలేయంలో ఉండే నిల్వ ఒక రాత్రి పస్తును సునాయాసంగా దాటిస్తుంది. రెండేళ్ళ పిల్ల కాలేయం చిన్నది, నిల్వ కొంచెం. ఒంటితో పోలిస్తే మెదడు పెద్దది, అది చక్కెరను తింటూనే ఉంటుంది. పొద్దున్నుంచి ఏమీ తినక, తాగినది కక్కేస్తున్న బిడ్డకు తెల్లవారేసరికి చక్కెర పడిపోవచ్చు. బక్కచిక్కిన పిల్లలకు ఇంకా ముందే.

ఈ రెండు లోట్లనూ ఒకే తియ్యటి సీసాతో పూడ్చబోవడం వల్లే మొదటిది ముదురుతుంది. నీటికీ ఉప్పుకూ ఓఆర్‌ఎస్, చక్కెరకు అన్నమూ పాలూ. ఇక్కడినుంచి నేను చెప్పే పోలికలన్నీ ఈ లెక్క మీదే.

పొట్లం

పేగు గోడలో సోడియాన్నీ గ్లూకోజునూ జంటగా లోపలికి పంపే ద్వారం ఒకటుంది. క్రిములు పేగును ఎంత చెరిపినా ఈ ద్వారం చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. ఉప్పు ఒక్కటే ఇస్తే సరిగా లోపలికి పోదు, చక్కెర తోడుంటే పోతుంది, వెనకే నీరు పోతుంది. ఓఆర్‌ఎస్‌లో చక్కెర ఉన్నది ఈ పనికే, బలానికి కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థులకు పశ్చిమ బెంగాల్‌లోని బొన్‌గావ్‌లో కలరా సోకి, సెలైన్ నిల్వలు నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పెట్టి, బంధువుల చేతనే రోగులకు తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. మనం వాడేది ఆ నీళ్ళ వారసత్వమే.

ఇప్పటి సూత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించినది. లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9, అన్నీ కలిపి 20.5 గ్రాములు. పొట్లం వెనక చిన్న అక్షరాల్లో సోడియం 75, గ్లూకోజు 75, పొటాషియం 20, మొత్తం సాంద్రత 245 అని ఉందా చూడండి. ఉంటే కంపెనీ ఏదైనా ఒకటే, రుచి కలిపినదైనా పరవాలేదు. పాత సూత్రంలో ఈ సాంద్రత 311 ఉండేది. తగ్గించాక వాంతులు, విరేచనాలు, సెలైన్ ఎక్కించవలసిన అవసరం కూడా తగ్గాయి.

ఇంత మంచి వస్తువుతోనూ ప్రమాదం తెచ్చుకోవచ్చు. మా సొరుగులో రెండు సైజులున్నాయి: సుమారు 21 గ్రాముల పెద్దది లీటరుకు, 4 గ్రాముల పైచిలుకు చిన్నది 200 మిల్లీలీటర్ల గ్లాసుకు. చూడటానికి ఒకే రంగు, ఒకే బొమ్మ. ఒకసారి ఒక నాయనమ్మ పెద్ద పొట్లం మొత్తం స్టీలు గ్లాసులో కలిపి, "మనవడు తాగనంటున్నాడు నాయనా, ఉప్పగా ఉందని మొహం తిప్పేస్తున్నాడు" అంటూ ఆ గ్లాసుతోనే వచ్చింది. నాలుక మీద చుక్క వేసుకుంటే ఉప్పు నీళ్ళకంటే అన్యాయంగా ఉంది. ఐదింతల చిక్కదనం. మొహం తిప్పేసి ఆ పిల్లవాడే తనను తాను కాపాడుకున్నాడు. అంత చిక్కటిది తాగితే రక్తంలో సోడియం పెరిగిపోతుంది. తీరని దాహం, పట్టరాని చిరాకు, చివరికి ఫిట్స్ దాకా వెళుతుంది. కలిపాక రుచి చూడండి, కన్నీటికంటే ఉప్పగా ఉండకూడదు.

కొలతకు లీటరు మంచినీళ్ళ సీసా చాలు. పొట్లాన్ని సగం చేసి అర లీటరులో కలపకండి, పొడి సమంగా విడిపోదు. పాలలో, పండ్ల రసంలో కలపకూడదు, పైన పంచదార వేయకూడదు, కలిపాక మరిగించకూడదు. 24 గంటలు దాటితే పారబోయాలి.

ఎంత తాగించాలి? రెండేళ్ళ లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పైబడిన వారికి 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్ళీ రెండు మూడు నిమిషాలకు ఒక్కో చెంచా. "ఏది పోసినా కక్కేస్తోంది" అనే ఇళ్ళలో జరుగుతున్నది ఏమిటంటే, దాహంతో ఉన్న పిల్ల గ్లాసెడు గటగటా తాగేస్తుంది, కడుపు తిప్పి అంతా బయటికి వస్తుంది. చెంచా విసుగు పుట్టించే పని, నిజమే. ఆ విసుగును తల్లీ తండ్రీ వంతులు వేసుకోవాలి.

అట్టపెట్టె పానీయం

ఫ్రిజ్‌లో ఉండేవి ఇవే. కొన్నేళ్ళపాటు వీటి మీద ఓఆర్‌ఎస్ అన్న మూడక్షరాలు పెద్దగా, "ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం కాదు" అన్న ముక్క చిన్నగా ఉండేవి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద దాదాపు ఎనిమిదేళ్ళు పోరాడారు. 2022 ఏప్రిల్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని చెప్పింది, జులైలో హెచ్చరిక ముద్రించి వాడుకోవచ్చని సడలించింది. చివరకు 2025 అక్టోబరులో ఆ సడలింపును ఉపసంహరించి, సూత్రం ప్రకారం లేని ఏ పానీయం మీదా ఆ పేరు ఉండకూడదని ఆదేశించింది. పేరు పోయినా అలవాటు పోలేదు, ఇప్పటికీ అదే రంగు పెట్టె చూపించి అడుగుతారు.

దానిలో తప్పేమిటి? మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి మూత పెడితే మర్నాటికి జాడీలో ఊట ఊరుతుంది కదా, బయట చిక్కదనం ఎక్కువైతే లోపలి నీరు అటు లాగబడుతుంది. పంచదార ఎక్కువైన పానీయం పేగులో చేసేదీ అదే. కూల్‌డ్రింకులో లీటరుకు 100 గ్రాములకు పైనే చక్కెర, ఓఆర్‌ఎస్‌లో 13.5. సోడియం మాత్రం కూల్‌డ్రింకులో ఉందో లేదో అన్నంత. బిడ్డ ఇష్టంగా తాగుతుంది, విరేచనం ఇంకాస్త నీళ్ళగా అవుతుంది, తల్లి ఇంకో పెట్టె తెప్పిస్తుంది. సీసాలో దొరికే యాపిల్ రసానికీ, గ్యాసు పోయేదాకా ఉంచి ఇచ్చే సోడాకూ ఇదే తీర్పు. కలిపి పెట్టిన అసలు ఓఆర్‌ఎస్ కూడా పెట్టెల్లో దొరుకుతుంది, దాన్ని తప్పుపట్టడం లేదు. వెనకవైపు 75, 75, 20, 245 అంకెలుంటే తీసుకోండి.

డబ్బాలో అమ్మే గ్లూకోజు పొడిది ఇంకో కథ. ఎండన పడి వచ్చినవారికి కలిపి ఇచ్చే ఈ పొడిని "నీరసానికి" అని విరేచనాల పిల్లలకూ పోస్తారు. చెంచాల కొద్దీ చక్కెర, ఉప్పు నామమాత్రం. ద్వారం దగ్గర జంటలో ఒకరే వచ్చి నిలబడినట్టు.

కొబ్బరి నీళ్ళు, గంజి, మజ్జిగ

కొబ్బరి బోండాన్ని తీసిపారేయలేను, నెత్తికెత్తుకోనూ లేను. దానిలో పొటాషియం దండిగా ఉంటుంది, ఓఆర్‌ఎస్‌కు రెట్టింపుకు పైనే. సోడియం మాత్రం బహు తక్కువ. విరేచనాల్లో ఎక్కువగా పోయేది సోడియం. రోజుకు రెండు మూడు విరేచనాలై, ఆడుకుంటున్న పిల్లకు ఓఆర్‌ఎస్ మధ్యలో అరగ్లాసు బోండం నీళ్ళు సుఖమే. పది విరేచనాలై కళ్ళు లోతుకు పోయిన పిల్లకు అది ఓఆర్‌ఎస్ స్థానంలో పనికిరాదు. మూత్రం ఆగిపోయిన బిడ్డకైతే ఇవ్వనే కూడదు. బయటికి పోయే దారి లేక పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది.

నా ఓటు గంజికి. చిటికెడు ఉప్పు వేసిన పలచటి అన్నం గంజిలోని పిండి పేగులో మెల్లగా గ్లూకోజుగా విడిపోతుంది, ఒక్కసారిగా ఊట లాగదు. పైగా కాస్త తిండి కూడా. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ కూడా మంచిదే, పంచదార లేని సగ్గుబియ్యం జావ కూడా. పొట్లం దొరకని రాత్రి లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అదే చెంచాతో అర చెంచా ఉప్పు కలుపుకోండి. ఉప్పు దగ్గర చెయ్యి జారితే పెద్ద పొట్లం కథే పునరావృతమవుతుంది. ఇందులో పొటాషియం ఉండదు గనక తెల్లవారగానే పొట్లం తెచ్చుకోవాలి.

ఉత్త మంచినీళ్ళు అడిగితే పోయండి. ఉత్త నీళ్ళే పోస్తూ రోజంతా గడిపితే సోడియం పలచబడిపోతుంది. పిల్ల మగతగా ఉంటుంది, ఒక్కోసారి జ్వరం లేకుండానే ఫిట్స్ వస్తాయి.

పస్తా, పళ్ళెమా?

"లంఖణం పరమౌషధం" అన్న మాటను నేను పెద్దవాళ్ళ అజీర్తికి ఒప్పుకుంటాను. రెండేళ్ళ పిల్లకు అది మందు కాదు, కీడు. "కడుపుకు కాస్త విశ్రాంతి ఇద్దాం" అని పాలు మాన్పించి, అన్నం మాన్పించి, బార్లీ నీళ్ళతో రోజు గడిపిన ఇంటి బిడ్డలోనే చక్కెర పడిపోయేది. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపవద్దు, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వాలి. మెత్తటి పప్పన్నంలో కాస్త నూనో నెయ్యో, పెరుగన్నం, అరటిపండు, ఇడ్లీ: కొంచెం కొంచెంగా, మూడు నాలుగు గంటలకోసారి. రాత్రి పడుకునే ముందు తప్పక ఏదో ఒకటి లోపలికి పోవాలి. చక్కెర పడిపోయేది ఎక్కువగా ఆ తెల్లవారుజామునే.

చక్కెర పడినప్పటి లక్షణాలు ఇవి: ఒళ్ళు చల్లబడటం, చెమట, వణుకు, పిలిస్తే పలకని మగత, ఫిట్స్. నీరు తగ్గిన బిడ్డ కూడా ఇలాగే కనిపిస్తుంది, సోడియం పడినా ఇలాగే ఉంటుంది. పైకి చూసి తేల్చగలవారు లేరు. అందుకే మగతగా ఉన్న పిల్లకు ఆసుపత్రిలో మొదట వేలికొన గుచ్చి షుగర్ చూస్తారు. మన ఇళ్ళలో చాలాచోట్ల తాతయ్య షుగర్ మీటరు ఉంటుంది, వాడుకోండి. ముందు బిడ్డ వేలు సబ్బుతో కడిగి తుడవాలి, వేలికి అంటిన పంచదార నీళ్ళు అంకెను తప్పుగా పెంచేస్తాయి. 70 కంటే తక్కువ వస్తే ఆసుపత్రికి బయలుదేరండి. 54 లోపు అయితే ఒక్క నిమిషం కూడా వృథా చేయకూడదు. మింగగలిగితే మూడు పెద్ద చెంచాల నీటిలో చిన్న చెంచా పంచదార కలిపి తాగించండి. మింగలేని స్థితిలో నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు పడుకోబెట్టి, రెండు చుక్కల నీటితో తడిపిన పంచదార నాలుక కింద ఉంచి, ఆసుపత్రికి తీసుకెళ్ళే దారిలోనే ఆ పని చేయాలి. మీటరు లేకపోతే దాని కోసం వెతుకుతూ కూర్చోకండి.

అరుదుగా ఇందుకు విరుద్ధం. వాంతులు, నీరసం, ఒళ్ళు ఎండిపోయి ఉంది, అయినా పక్క తడుపుతూనే ఉంది, ఊపిరి లోతుగా వేగంగా తీస్తోంది, మీటరు 200 దాటి చూపిస్తోంది అనుకోండి. అది కడుపు ఇన్ఫెక్షన్‌లా కనిపిస్తున్న చక్కెర వ్యాధి కావచ్చు. నీరు తగ్గిన పిల్ల మూత్రం తగ్గాలి, తగ్గలేదంటే అనుమానించాలి.

చెంచానా, సూదా?

"సెలైన్ ఎక్కిస్తే పొద్దునకల్లా లేచి కూర్చుంటుంది కదా" అన్నది నేను ఎక్కువగా వినే మాట. తాగగలిగే బిడ్డకు సెలైన్ ఇచ్చే అదనపు లాభం ఏమీ లేదు. సూది నొప్పి, చేయి వాపు అదనం. నీరు కాస్త తగ్గి, చిరాగ్గా, దాహంగా ఉన్న బిడ్డకు కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో ఓఆర్‌ఎస్ పట్టించడం పద్ధతి. పది కిలోల పిల్లకు 750, అంటే నిమిషానికి అర చెంచాకు కాస్త పైన. ఇది ఆరోగ్య కేంద్రంలో, నర్సు కళ్ళెదుట జరిగితే మేలు.

సెలైన్ తప్పనిసరి అయ్యే బిడ్డ ఎవరో వేరే: తాగలేనంత మత్తుగా ఉన్నది, కళ్ళు బాగా లోతుకు పోయినది, పొట్ట మీది చర్మం చిటికెతో ఎత్తి వదిలితే రెండు సెకన్లు దాటినా దిగనిది. ఏడిస్తే కన్నీళ్ళు రాకపోవడం, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, నడినెత్తి గుంటపడటం, విరేచనంలో రక్తం, పచ్చటి వాంతి, మూడు నెలల లోపు వయసు: వీటిలో ఏదున్నా నా షాపు మెట్లెక్కకుండా నేరుగా ఆసుపత్రికే.

బాటిళ్ళలోనూ తేడాలున్నాయి. జనం అన్నిటినీ "గ్లూకోజు బాటిల్" అంటారు. ఒళ్ళు ఎండిపోయిన బిడ్డకు మొదట ఎక్కించవలసింది రింగర్ లాక్టేట్, అది లేకపోతే నార్మల్ సెలైన్. మొదటిదానిలో లీటరుకు సోడియం 130 దాకా, కాస్త పొటాషియం, ఆమ్లాన్ని తగ్గించే లాక్టేట్ ఉంటాయి. రెండోదానిలో సోడియం 154, పొటాషియం లేదు. రెండిటిలోనూ చక్కెర లేదు, అందుకే షుగర్ విడిగా చూసుకుని అవసరమైతే డెక్స్ట్రోజు (గ్లూకోజుకే ఇంకో పేరు) విడిగా ఇస్తారు. ఉత్త 5 శాతం డెక్స్ట్రోజు బాటిల్ మాత్రమే ఎక్కించడం తప్పు. దానిలో ఉప్పే లేదు, ఉన్న సోడియాన్నీ అది పలచబరుస్తుంది. "డాక్టరు గారూ, ఏ ఫ్లూయిడ్ ఎక్కిస్తున్నారు, షుగర్ ఎంత ఉంది?" అని మర్యాదగా అడగండి. బాగా చూసే డాక్టరు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

సోడియం, పొటాషియం రక్తపరీక్షలు ప్రతి విరేచనానికీ అక్కర్లేదు. తాగుతూ ఆడుతున్న పిల్లకు ఆ డబ్బు దండుగ. సెలైన్ ఎక్కుతుంటే, ఫిట్స్ వస్తే, పొట్ట ఉబ్బి పేగుల కదలిక మందగిస్తే, మెడ వాలిపోతుంటే, ఒళ్ళు అలా ఎండకుండానే లోతుగా ఊపిరి తీస్తుంటే, బక్కచిక్కిన పిల్లయితే తప్పనిసరి. పొట్ట ఉబ్బరం, మెడ వాలడం పొటాషియం పడిపోయిందన్న అనుమానం కలిగిస్తాయి. ఆ ఊపిరి బైకార్బొనేట్ పోయి రక్తం ఆమ్లమైందని చెబుతుంది.

మందులు

విరేచనం బిగించే మాత్ర పసిపిల్లలకు ఇవ్వను, బతిమాలినా ఇవ్వను. పేగు కదలిక ఆపితే నీరు పోవడం ఆగదు, లోపలే నిలుస్తుంది. రక్తం లేని మామూలు నీళ్ళ విరేచనాలకు యాంటీబయాటిక్ పనికిరాదు, వీటిలో చాలావరకు రోటావైరస్ వంటి వైరస్‌లవే. వాంతి ఆపే మందు ఒక్క మోతాదు, డాక్టరు రాస్తేనే.

పొట్లంతోపాటు తప్పక తీసుకెళ్ళవలసింది జింక్. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకు చిన్నవారికి 10, డాక్టరు చెప్పిన మేరకు, 14 రోజులు. ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్‌ఎస్, జింక్ రెండూ ఉచితంగా దొరుకుతాయి. మాత్రను చెంచాలో వేసి తల్లిపాలు గానీ, మరిగించి చల్లార్చిన నీళ్ళు గానీ కొంచెం పోస్తే ఇట్టే కరిగిపోతుంది. విరేచనాలు తగ్గుముఖం పట్టగానే చాలా ఇళ్ళలో మాత్ర నాలుగోరోజుకు ఆగుతుంది. మిగిలిన పది మాత్రలు వంటింటి గూట్లో చేరతాయి. వాటినీ అయ్యేదాకా వేయండి, పేగు పొర మళ్ళీ మొలిచేది ఆ రోజుల్లోనే.